ఇంటికన్నా పెద్ద అరుగు

రత్నరాజు పోయిన రోజున వాన పడుతోంది. ఆసుపత్రి నుంచి తెచ్చిన బండి అద్దెకున్న ఇంటి ముందు ఆగగానే ఇంటాయన గొడుగేసుకుని వచ్చి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. లోపల పెద్దమ్మాయికి పెళ్ళి మాటలు జరుగుతున్నాయనీ, శవాన్ని గేటు దాటించవద్దనీ చెప్పాడు. రత్నరాజు భార్య పుష్పకుమారి ఇంటాయన మొహంలోకి చూసింది.

"ఈ నెల అద్దె మొన్ననే కట్టాం కదండీ," అంది.

"అద్దె బతికున్న మనిషికమ్మా," అన్నాడు ఇంటాయన.

అంతే. టీకొట్టు వాడి బల్ల ఒకటి తెచ్చి మురుక్కాలవ పక్కన వేశారు. దానిమీద రత్నరాజుని పడుకోబెట్టి పైన టార్పాలిన్ కప్పారు. భీమునిపట్నం నుంచి అన్నదమ్ములు బస్సు పట్టుకుని వచ్చేదాకా పుష్పకుమారి ఆ బల్ల పక్కన నిలబడి మొగుడి మొహంమీద గొడుగు పట్టుకుంది. తను మాత్రం తడిసింది. స్టీలు ఫ్యాక్టరీ గోడలు కట్టిన కూలీల్లో రత్నరాజు ఒకడు. ఆ గోడలు ఇప్పటికీ వానకి తడుస్తూనే ఉంటాయి, వాటికేం కాదు.

ఈ ఊళ్ళో అద్దెకుండేవాళ్ళకి ఇది కొత్త సంగతేమీ కాదు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మోటారు వేసే వేళ చెబుతారు, గోడకి మేకులు కొట్టొద్దంటారు. చావు గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. గోదావరి నుంచో కృష్ణ నుంచో పోర్టు పనికీ స్టీలు పనికీ వచ్చి, ఒకే పోర్షన్‌లో పిల్లల్ని కని పెంచి పెళ్ళిళ్ళు చేసినవాడికి కూడా ఆఖరి రోజున గేటు దాకానే హక్కు. తరవాత రోడ్డే.

పుష్పకుమారి మిషన్ బడిలో ఆయాగా పని చేసింది. కూతురు గ్రేసీని ఆనందపురంలో ఇచ్చింది. కూర్మన్నపాలెం వెనక ముళ్ళకంపలున్న రోజుల్లో కొనుక్కున్న చిన్న జాగాలో ఇల్లు మొదలుపెట్టినప్పుడు, ముందు అరుగు కట్టమంది. మేస్త్రి గీసిన ముగ్గు చూసి ఇంకా ఇంకా జరపమంది.

"ఏటమ్మా ఇది? ఇల్లేదీ? అంతా అరుగే ఉన్నాది," అన్నాడు మేస్త్రి.

"లోపల నానొక్కర్తినే కదా. అరుగు మీద సేనామంది కూకోవాల," అంది.

మేస్త్రి తల గోక్కుని కట్టాడు. పైన రేకులు వేశారు. ఇల్లు దాని వెనక ఒదిగి కూర్చున్న పిల్లలా ఉంటుంది. అప్పట్నుంచి ఆ వీధిలోనూ పక్క వీధుల్లోనూ అద్దె ఇళ్ళలో పోయినవాళ్ళందరూ ఆ అరుగు మీదికే వచ్చారు. ఆమె క్రైస్తవురాలు. వచ్చేవాళ్ళలో హిందువులే ఎక్కువ. వాళ్ళు తలదగ్గర దీపం పెట్టుకుంటే, దీపానికి గాలి తగలకుండా అట్టముక్క ఆమే అడ్డం పెట్టేది. తరవాత ఫినాయిల్ నీళ్ళతో కడిగి, వాళ్ళ తృప్తి కోసం పసుపునీళ్ళు కూడా చల్లేది.

నాగవంశీ తండ్రి కూడా ఆ అరుగు మీదే పడుకున్నాడు. నాగవంశీ పోర్టులో బొగ్గు యార్డులో కాంట్రాక్టు పని చేస్తాడు. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది గానీ చదువు ఆగలేదు. పాత కాగితాల కొట్టులో తూకానికి పుస్తకాలు కొనుక్కుని చదివేవాడు, చదివిన కొద్దీ లోకం మీద మండిపడేవాడు. తండ్రి పోయినప్పుడు వాళ్ళ ఇంటావిడా గేటు వేసుకుంది. పుష్పకుమారి చాప చంకన పెట్టుకుని వచ్చి, "ఇలగ తెండి," అంది. వాళ్ళమ్మ గంగాభవాని పక్కన కూర్చుని, ఓదార్పు మాట ఒక్కటీ చెప్పకుండా, తెల్లారేదాకా ఆవిడ వీపు నిమిరింది. ఆ చెయ్యి నాగవంశీకి గుర్తుండిపోయింది. థాంక్స్ చెప్పడం మాత్రం కుదరలేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకి ఆమె చర్చికి వచ్చే ఒక కుటుంబం శవాల్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె ఒకటి దానంగా ఇచ్చింది. వీధిలో అందరూ దాన్ని పెట్టె అనేవారు. తెచ్చిన మనిషి దించి వెళ్ళిపోతూ, "అప్పుడప్పుడూ తిప్పుతూ ఉండండమ్మా, లేకపోతే గ్యాసు పోతుంది," అన్నాడు. పుష్పకుమారి ఏ పనైనా మనసుపెట్టి చేసే మనిషి. కావలసిన రోజున పెట్టె చల్లబడకపోతే ఎంత అప్రతిష్ఠ! అందుకని రోజూ సాయంత్రం ప్రార్థన అయ్యాక స్విచ్చి వేసి, పొద్దున లేచాక ఆపేది.

వీధి పిల్లలకి అదొక ఆట. "మామ్మా, అందులో ఐసు పెట్టుకోవా?" అని అడిగేవారు.

"పెడతాను. నువ్వు తింటావేటి మరి?" అనేది. పిల్లలు కేకలేస్తూ పారిపోయేవారు.

ఇలా రోజులు గడుస్తుండగా కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఒక టీవీ వాళ్ళు చర్చ పెట్టారు. 'పథకాలు సాగాలా, అప్పులు తగ్గాలా' అని ఫ్లెక్సీ కట్టారు. ఈ పార్టీ ఆయన ఒకడు, ఆ పార్టీ ఆయన ఒకడు, మధ్యలో ఎకనామిక్స్ లెక్చరర్. ప్రభుత్వం నెత్తిన కొండంత అప్పు ఉందనీ, పింఛన్లకీ పథకాలకీ కోత పెట్టకపోతే మునిగిపోతామనీ ఒకాయన. పేదవాడి నోటి దగ్గర కూడు లాగితే అప్పు తీరదనీ ఇంకొకాయన. ఇద్దరూ ఏసీ కార్లు దిగి వచ్చినవాళ్ళే. కింద కుర్చీల్లో చలమయ్య ఉన్నాడు. పుష్పకుమారి ఇంటి పక్క గోడ ఆయనదే. రాజమండ్రి వైపు మనిషి. స్టీలు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపి రిటైరయ్యాడు, రెండంతస్తులు కట్టి వెనక పోర్షన్లు అద్దెకిచ్చాడు. పొద్దున్నే పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివే మనిషి. దేశం అప్పు గురించి ఆయన దిగులు నిజమైనదే. సొంత చిట్టీ మునిగితే కూడా అంత దిగులు పడడు.

మైకు చేతికివ్వగానే లేచి నిలబడ్డాడు.

"ఆయ్, నేను పేదవాళ్ళకి వ్యతిరేకం కాదండీ. ఇవాళ మనం తిన్న అప్పు రేపు మన మనవలు తీర్చాలి. అర్హత ఉన్నోడికి ఇవ్వండి, లేనోడికి ఆపండి. అంతేనండీ నేననేది."

"అర్హత లేనివాళ్ళు తీసుకుంటున్నారంటారా? ఒక ఉదాహరణ చెప్పండి సార్," అంది యాంకరమ్మాయి.

మైకు చేతిలో ఉంటే మనిషి నోరు మనిషిది కాదు. చలమయ్య చుట్టూ చూశాడు. "ఎక్కడిదాకానో ఎందుకండీ? మా పక్కింట్లో పుష్పకుమారి గారని ఉన్నారు. వితంతు పింఛను తీసుకుంటారు. రాత్రంతా వాళ్ళ ఏసీ చప్పుడు మా గోడకి వినపడుతుందండీ," అన్నాడు.

గారు తగిలించి మరీ పరువు తీశాడు. గోదావరి మర్యాద.

ఆ ముక్క ఫోన్లలో తిరిగింది. మర్నెల మొదట్లో పింఛను పంచే కుర్రాడు వీధిలోకి వచ్చి, పుష్పకుమారి ఇంటి ముందు బండి ఆపకుండా వెళ్ళిపోబోయాడు. ఆమె పిలిస్తే తల దించుకుని, "మీ పేరు రాలేదు మామ్మా. కరెంటు యూనిట్లు ఎక్కువ కాలాయంట," అన్నాడు.

సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన నాగవంశీ ఆ మాట విని నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళాడు. ఆమె అరుగు మీద కూర్చుని వంకాయలు తరుగుతోంది.

"మామ్మా, నువ్వు ఊ అను. రేపే టీవీ వాళ్ళని ఇక్కడికి తీసుకొస్తాను. ఏసీ ఎక్కడుందో చూపించమందాం ఆ పెద్దమనిషిని."

"ఎందుకు బాబూ? సలమయ్యగారు సెప్పినదాంట్లో తప్పేటుంది? అప్పు సేసీసి కూకుంటే ఎవుడు తీరుస్తాడు? ఏసీ అన్నాడు సూడు, అదొక్కటే అబద్దం. మిగతాదంతా నిజమే."

"నీ కూడు తీసేస్తే నిజమంటావా? కోపం రాదా నీకు?"

"వచ్చింది. వంకాయలు తరిగీసరికి పోయింది. నువ్వు తిన్నావా?"

నాగవంశీకి ఒళ్ళు మండింది. ఈ లోకంలో నష్టపోయినవాళ్ళే దండాలెందుకు పెడతారో అతను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు. మర్నాడు పని మానుకుని ఆమెని వార్డు ఆఫీసుకి తీసుకెళ్ళాడు. అక్కడున్న అమ్మాయి మంచిదే. కంప్యూటర్‌లో చూసి నిట్టూర్చింది.

"మీటరు మీ పేరుమీదే ఉంది మామ్మా. ఎవరికోసం కాలిందో ఇది అడగదు. ఆరు నెలల సగటు పరిమితికి లోపు ఉంటే మళ్ళీ పెట్టుకోవచ్చు. అప్పటిదాకా నా చేతిలో ఏమీ లేదు."

ఆ మాట విన్నాక నాగవంశీ ఇల్లంతా వెతికాడు. రెండు బల్బులు, ఒక ఫ్యాను, మూలన ముక్కుతూ తిరిగే పాత ఫ్రిజ్జు. ఇన్ని యూనిట్లు ఎక్కడ కాలుతున్నాయో అంతుపట్టలేదు. సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆమె లేచి వెళ్ళి ఖాళీ పెట్టెకి స్విచ్చి వెయ్యడం చూశాడు.

గాజువాకలో ఫ్రీజర్లు బాగుచేసే ఎల్లాజీని పిలుచుకొచ్చాడు. ఎల్లాజీ సంగతి విని అరుగు మీద చతికిలబడి నవ్వాడు.

"రోజూ రాత్రంతానా? నెలకొకపాలి కాసేపు తిప్పితే సాలు మామ్మా. ఇలగ తిప్పితే అందరికన్నా ముందు ఇదే సచ్చిపోద్ది!"

పుష్పకుమారి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మ! మరిన్నాళ్ళూ నాను ఎవుల్ని సల్లబెట్టినట్టురా?" అని, తనూ నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నాగవంశీ మాత్రం నవ్వలేదు. పరిమితి దాటించిన యూనిట్లన్నీ ఎవరూ లేని పెట్టెలో కాలిపోయాయి.

ఆ రోజు నుంచి పెట్టె ఆగిపోయింది. ఆరు నెలలు ఓపిక పట్టాలి. గ్రేసీ ఆనందపురం నుంచి బియ్యం పంపింది. కూరలు వీధిలో ఎవరో ఒకరు ఇచ్చేవారు. బీపీ మాత్రలు మాత్రం ఎవరూ ఇవ్వరు కదా. ఒకరోజు గంగాభవాని ఆమె దిండు కింద సగానికి విరిచిన మాత్రలు చూసి కొడుక్కి చెప్పింది. నాగవంశీ మాత్రలు కొనుక్కొస్తే, "సగం ఏసుకుంటే సగం బీపీయే వొస్తాది నాగా," అని తోసేసింది. రెండోసారి తెచ్చినప్పుడు తీసుకుంది. వాటినీ సగానికి విరిచింది.

ఆ నెలల్లో నాగవంశీ ఒక వింత అలవాటు చేసుకున్నాడు. వీధిలో ముసలివాళ్ళు కనబడితే ఆగి ఆరోగ్యం అడిగేవాడు. దగ్గుతున్నారా, కాళ్ళు వాచాయా, ఎండలో తిరక్కండి. ప్రేమ కాదది. ఎవరూ పోకుండా ఆరు నెలలు గడవాలి, అంతే. తొంభయ్యేళ్ళకి దగ్గర పడ్డ చిట్టమ్మకి అనుమానం వచ్చింది.

"ఏట్రా, నా మీద నీకింత పేమేటి? నా దగ్గిర ఆస్తి నేదు, ముందే సెప్తన్నాను."

"నువ్వు ఎండాకాలం దాటితే చాలు ముసల్దానా."

"దాటుతాను. నీ పెళ్ళిలో అప్పడాలు తినీసి మరీ పోతాను."

చిట్టమ్మ దాటింది. దాటనిది అప్పలసూరి. చలమయ్య వెనక పోర్షన్‌లో పెళ్ళాం గంగాలమ్మతో అద్దెకుండేవాడు, సిమెంటు గోడౌనుకి వాచ్‌మన్. ఇంకో రెండు వారాలైతే ఆరో నెల నిండుతుందనగా, వైశాఖపు ఎండలో మధ్యాహ్నం డ్యూటీలోనే పడిపోయాడు. ఆసుపత్రి దాకా వెళ్ళి తిరిగి వచ్చింది శవమే. కొడుకు చెన్నై నుంచి రావాలి. అంబులెన్సు వీధిలో ఆగింది. చలమయ్య కోడలు నెలలు నిండి, పుట్టింటికి వెళ్ళకుండా ఇక్కడే ఉంది. ఆయన భార్య అనూరాధ శవాన్ని లోపలికి తేవద్దని గేటు దగ్గర చేతులు జోడించి ఏడ్చినంత పని చేసింది. గంగాలమ్మ అంబులెన్సు పక్కనే కూలబడింది. అద్దెకుండేవాళ్ళకి తెలుసు.

చలమయ్య పుష్పకుమారి అరుగు ముందుకి వచ్చి నిలబడ్డాడు. టీవీలో మాట్లాడాక ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. ఆమె చూసి లేచింది.

"రండి సలమయ్యగారూ, కూకోండి."

"కూర్చోడానికి రాలేదండి. అప్పలసూరి పోయాడండి. మా కోడలు చూస్తే ఇలా... నేను అడగకూడదండి. అయినా..." మాట పూర్తి కాలేదు.

పుష్పకుమారి అప్పటికే చాప దులుపుతోంది. అప్పుడే పని నుంచి వచ్చిన నాగవంశీ, మసి మొహంతోనే అడ్డం నిలబడ్డాడు.

"ఆగు మామ్మా. మొదటి నెలలో సగం పాత కాలుడే ఉంది. సగటు ఇప్పటికే అంచున ఉంది. ఈ పెట్టె రెండ్రోజులు తిరిగితే పింఛను మళ్ళీ పోయినట్టే. బాబాయ్ గారు టీవీలో ఇంకో ఉపన్యాసం ఇస్తారు."

"సచ్చినోణ్ణి రోడ్డు మీద ఒగ్గీసి లెక్కలు కడతావా నాగా?"

"నీకోసమే కదా కడుతున్నాను!"

"నా కోసం వొద్దు. ఆ దినం గొడుగు అట్టుకుని నిలబడింది నాను. నువ్వు కాదు."

పెద్దగా అనలేదు. చాప తీసుకుని అతని పక్కనుంచి దిగిపోయింది. అదే చాప. నాగవంశీ ఆ చాప వంకే చూశాడు. తన తండ్రి వచ్చిన రోజున కూడా ఎవరో ఒకరు ఇలాగే లెక్క కట్టి ఉంటే ఏమయ్యేది? ఆ ప్రశ్న దగ్గర కోపం నిలవలేదు గానీ, పోవడానికి ఇంకో దారి వెతుక్కుంది. చలమయ్య వైపు తిరిగాడు.

"బాబాయ్, శవం మీ గేటు దాటకూడదు. సరే. మీ కరెంటు ఈ గోడ దాటొచ్చు కదా?"

చలమయ్య తల ఎత్తాడు. గోడ మీదనుంచి అనూరాధ గొంతు వినబడింది. "ఏవండీ, వైరుకి మైల అంటదా? ఆ కరెంటే కదండీ మన పూజగదిలోకీ వచ్చేది!"

ఎదురింటి మెట్ల మీద కూర్చున్న చిట్టమ్మ అందుకుంది. "కరెంటుకి మైలేటే తల్లీ? అది ఎన్ని స్మశానాల మీంచి ఎగిరీసి మీ ఇంటికొచ్చిందో! అప్పుడు లేని మైల ఇప్పుడెక్కడ్నుంచొచ్చింది?"

అంబులెన్సు దగ్గర నిలబడ్డవాళ్ళలో ఎవరో నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నారు. చలమయ్య మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళాడు. ఇంక రాడనుకున్నారు. కాసేపటికి గోడ అవతల కుర్చీ లాగిన చప్పుడైంది. లావుపాటి కేబులు చుట్ట ఒకటి గోడ మీదికి వచ్చింది, దాని వెనక చలమయ్య తల వచ్చింది.

"అందుకో నాగా. తడి తగలకుండా రేకు కింద నుంచి తియ్యి. ప్లగ్గు నేను వచ్చి పెడతాను, నువ్వు ముట్టుకోకు."

పెట్టెలో అప్పలసూరిని పడుకోబెట్టారు. చలమయ్య స్విచ్చి వేశాడు. పెట్టె గుర్రుమంది, తరవాత సన్నగా ఒకే తీరున మోగడం మొదలుపెట్టింది. ఆయన స్విచ్చి మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాడు.

"ఇదా?" అన్నాడు.

"ఏటి బాబూ?" అంది పుష్పకుమారి.

"రాత్రుళ్ళు మా గోడకి వినపడే చప్పుడండి. ఏసీ అనుకున్నాను. ఒట్టు. ఏసీయే అనుకున్నానండి నేను."

నాగవంశీ ఆ మొహం చూశాడు. ఆ మనిషి కావాలని అబద్ధమాడాడని ఇన్నాళ్ళూ గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకం మీద ఎన్ని తిట్లు పేర్చుకున్నాడో! అవన్నీ ఇప్పుడెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పోన్లెండి. నానూ గ్యాసు పోద్దనుకున్నాను," అంది పుష్పకుమారి, గంగాలమ్మ పక్కన కూర్చుంటూ. ఆమె చెయ్యి అప్పటికే గంగాలమ్మ వీపు మీదికి వెళ్ళింది.

అప్పలసూరి కొడుకు వచ్చి, తీసుకెళ్ళాల్సిన చోటికి తీసుకెళ్ళాక, అరుగు కడగడానికి చలమయ్యే బక్కెట్లతో నీళ్ళు మోశాడు. మోస్తూ నాగవంశీతో వాదన కూడా పెట్టుకున్నాడు.

"నా అభిప్రాయం మారలేదు నాయనా. అప్పు అప్పే. తగ్గించాల్సిందే. కాకపోతే తీసేసేవాడు గుమ్మం దాకా వచ్చి చూసి తియ్యాలి. నేను గోడకి చెవి పెట్టి చెప్పాను, వాళ్ళు మీటరుకి చెవి పెట్టి విన్నారు."

"ఆ మాట టీవీలో చెబుతారా బాబాయ్?"

"చెబుతాను. మైకు ఇచ్చేదెవరు? తప్పొప్పుకునేవాడికి మైకు ఎవడూ ఇవ్వడు. నీళ్ళు అటు కాదు, ఇటు కొట్టు."

ఆరో నెల నిండాక పుష్పకుమారిని వార్డు ఆఫీసుకి నాగవంశీ ఒక పక్క, చలమయ్య ఒక పక్క తీసుకెళ్ళారు. దారిపొడవునా ఆ ఇద్దరూ దేశం అప్పు గురించి కీచులాడుకుంటూనే ఉన్నారు. ఆమె మధ్యలో నడుస్తూ ఒకసారి, "మీరిద్దరూ కాసేపు నోరు మూసుకుంటే సగం అప్పు తీరిపోద్ది," అంది. ఆ తరవాత నెలలో పింఛను కుర్రాడు బండి ఆమె ఇంటి ముందే ఆపాడు. దేవునికి స్తోత్రం అంది, కుర్రాడికి మంచినీళ్ళిచ్చింది. ఆ రాత్రి మాత్ర విరవకుండా వేసుకుంది. గంగాభవాని చూసి కొడుక్కి చెప్పింది.

చలమయ్య ఆ కేబులు వెనక్కి లాక్కోలేదు. గోడకి మేకు కొట్టి, చుట్టగా చుట్టి, ఆమె అరుగు వైపే వేలాడదీశాడు. మనవడు పుట్టాడు. బాలసారె నాడు అనూరాధ మొదటి మిఠాయి పళ్ళెం ఆ గోడ మీదనుంచే అందించింది.

ఆ మధ్య నాగవంశీకి కాకినాడ పోర్టులో పని దొరికింది. వెళ్ళేముందు సాయంత్రం చెప్పడానికి వెళ్ళాడు. పుష్పకుమారి అరుగు తుడుస్తోంది. దారంతా ఒక వాక్యం కూర్చుకుంటూ వచ్చాడు. ఇన్నేళ్ళ చదువులోంచీ ఏరిన మంచి మాటలన్నీ అందులో ఉన్నాయి. ఆమె ముందు నిలబడ్డాక ఒక్కటీ రాలేదు.

"మామ్మా, ఆ రోజు మా నాన్నని..." అని ఆగిపోయాడు.

"అబ్బో, బరువైన మనిషి బాబూ మీ నాన్న. నలుగురు సాల్నేదు, అయిదో వోడు కావలిసొచ్చాడు," అంది. చీపురు గోడకి ఆనించి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, అతని తలమీద పెట్టింది. కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. ఆ చెయ్యి ఉన్నంతసేపూ నాగవంశీ కదలలేదు. లోకం మీద అతనికున్న కోపం ఎక్కడికీ పోలేదు. ఆ చెయ్యి కింద మాత్రం అది నోరెత్తలేదు.

వీధి మలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి పిలిచింది. తిరిగి చూశాడు.

"వొచ్చేముందు ఫోన్ సేసి రా నాగా," అంది పుష్పకుమారి. "అరుగు కాళీగా ఉంటే ఇక్కడే పడుకుందువుగాని."